పడవ గురించి కూడా నాలుగు ముక్కలు రాయాల్సింది

ఎడిటర్ గారికి నమస్తే,

మీ ఆదివారం పేజీలో మన నేవీ మాజీ అధికారి అభిలాష్ టామీ గారి గోల్డెన్ గ్లోబ్ రేస్ (తెరచాప పడవలో ఒంటరిగా, ఆగకుండా ప్రపంచం చుట్టొచ్చే పోటీ) మీద వచ్చింది చదివాను, బాగుంది. 236 రోజులు ఒక్కడే తిరిగి 2023 ఏప్రిల్ 29న ఫ్రాన్స్‌లో రెండో ప్లేస్‌లో తేలడమంటే మాటలా. కానీ ఆయన్ని మోసుకొచ్చిన బయానత్‌ని "ఓ పాత పడవ" అని తేల్చేశారు చూడండి, అదే గుచ్చుకుంది. కొత్తది దొరక్క కాదండీ, ఆ రేస్ రూలే అది, 1988కి ముందు డిజైన్, 32 నుంచి 36 అడుగులు, అడుగున కీల్, అంటే పడవ కింద రెక్కలా దిగే బరువైన భాగం, పొడుగ్గా ఉండి చుక్కాని దాని వెనక అంచుకే తగిలించి ఉండాలి.

బయానత్ రస్ట్‌లర్ 36 అనే రకం, ఫైబర్‌ది. ఫైబరంటే మనవాళ్ళకి ప్లాస్టిక్ కుర్చీ గుర్తొస్తుంది, వైజాగ్‌లో ఫైబర్ తెప్పలు చూసినవాళ్ళు అలా అనర్లెండి. నేను ఇంగ్లండ్‌లో పనిచేసేటప్పుడు కొలీగ్‌కి ఇదే రకం ఉండేది, చలికాలం ఒడ్డుకి ఎత్తిపెడితే అడుగున నాచు గీకడానికి నన్నూ పిలిచేవాడు. కింద నిలబడితే అర్థమౌతుంది, ఏడున్నర టన్నుల బరువులో సగానికి కాస్త తక్కువ ఆ కీల్‌లోనే, అందుకే ఎంత ఒరిగినా తంజావూరు బొమ్మలా లేస్తుంది. సముద్రంలో చుక్కాని పిడి కట్టేసి టీ పెట్టుకునేవాళ్ళం, దారి తప్పేది కాదు. హార్బర్‌లో రివర్స్ వేస్తే మాత్రం గానుగెద్దుని వెనక్కి నడిపించినట్టే, ఎటు తిప్పినా తనిష్టం, ఓసారి పక్క పడవకి గీసేసి ఆ పెద్దాయనతో తిన్న తిట్లు ఇంకా గుర్తే.

లోపల ఇరుకే. ఇద్దరు ఎదురైతే ఒకళ్ళు సోఫా ఎక్కాలి, ఇప్పటి పడవల్లో వెనకవైపు రెండు బెడ్రూములు పెడుతున్నారు, వీకెండ్‌కి హాయే. కానీ కెరటాల్లో ఆ ఇరుకే కాపాడుద్ది, చెయ్యి చాపితే ఏదో ఒకటి దొరుకుద్ది పట్టుకోడానికి. 2019 జనవరిలో వాన్ డెన్ హీడ్ అనే 73 ఏళ్ళ ఫ్రెంచాయన ఈ రేస్ గెలిచింది కూడా రస్ట్‌లర్ 36 మీదే, పల్టీ కొట్టి తెరచాప స్తంభం దెబ్బతిన్నాక కూడా.

ఇంకోటండీ, 2018లో ఇదే రేస్‌లో టామీ గారి నడుం విరిగింది ఈ పడవలో కాదు. అది తురీయ, గోవాలో కట్టిన చెక్క పడవ. మీ ఫొటో కింద రెండూ కలిపేశారు, వచ్చే ఆదివారం ఓ లైన్ సవరణ వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, విశాఖపట్నం