తుప్పు పట్టిన అంబాసిడర్: బాగుచేయాలా, సామాన్లు అమ్మాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత బళ్ళు తుక్కుకి ఇచ్చేయాలి, ఫీజులు పెంచారు, రూల్స్ మారాయి అని ఈమధ్య పేపర్లలో తెగ వస్తోంది, మంచిదే, రాయండి. కానీ ఆ వార్తలన్నీ పదిహేనేళ్ళు దాటిన మారుతీలు, ఇండికాల గురించే. మన శ్రీకాకుళం జిల్లాలో ఇళ్ళ వెనకాల, కొబ్బరి తోటల్లో, మూతపడ్డ రైసు మిల్లు షెడ్లలో తుప్పు పట్టి కూర్చున్న అంబాసిడర్లు, ఫియట్లు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు నాకూ తెలుసు, వాటి గురించి ఒక్క ముక్క కూడా ఎవరూ రాయట్లేదు. నేను నరసన్నపేట దగ్గర చిన్నప్పట్నుంచి మెకానిక్ పని చేసి ఇప్పుడు షెడ్డు మా అబ్బాయికి అప్పజెప్పి ఖాళీగా ఉన్నవాణ్ణి, ఖాళీగా ఉన్నానని తెలిసి జనం ఫోన్ చేసి అడిగేది ఎక్కువగా ఇదే: "నాన్నగారి కారు ఉంది గురూ, బాగుచేయించమంటావా, సామాన్లు అమ్మేయమంటావా?" అందుకే ఈ ఉత్తరం, కొంచెం పెద్దదైంది, కత్తిరించాలంటే కత్తిరించండి.

ఉదాహరణకి మా మేనమామ గారి కారు తీసుకోండి. 1972 మోడల్ అంబాసిడర్, మార్క్ టూ, ముందు చిన్న గళ్ళ గ్రిల్లు ఉండే రకం. సోంపేట దాటాక సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు వాళ్ళది. మావయ్య పోయాక ఆ కారు రేకుల షెడ్డులో అలాగే ఉండిపోయింది, 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లే నిలవలేదు, ఇంక షెడ్డు ఏటి నిలుస్తుంది, ఎగిరిపోయింది, అప్పట్నుంచి పైన ఒక టార్పాలిన్ కప్పి వదిలేశారు. ఇప్పుడు పెద్దబావ వైజాగ్ నుంచి ఫోన్ చేసి బాగుచేయించాల్సిందే ఎంతైనా పర్లేదు అంటాడు, చిన్నబావ ఊళ్ళోనే ఉంటాడు కాబట్టి ఆ చోటు ఖాళీ అయితే చాలంటాడు, పాత ఇనుము కాటావాడు ఇప్పటికే వచ్చి బేరం కూడా ఆడి వెళ్ళాడు. మా వదిన మాత్రం "నాన్న గుర్తు, అలాగ ఉండనీండి, అదేటి మిమ్మల్ని తిండి అడుగుతోందా" అంటుంది. ముగ్గురిలో నాకు అస్సలు నచ్చనిది వదిన మాట. పెద్దావిడ మీద గౌరవం లేక కాదు. అలాగ ఉండనిస్తే అది ఉండదు కాబట్టి.

సముద్రపు గాలి సంగతి మన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, కిటికీ ఊచలు చూసినా తెలుస్తుంది. ఉప్పు తగిలిన రేకు మీద తేమ తొందరగా ఆరదు, ఆ తడి ఉన్నంతసేపూ తుప్పు తింటూనే ఉంటుంది, ఆగదు. పైగా తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే రేకు లోపల్నుంచి పొంగి అతుకులు విడిపోతాయి. పెయింటు మీద చిన్న పొక్కులు కనిపిస్తే అక్కడ మొదలైందనుకుంటారు, అక్కడ మొదలవలేదు, లోపల్నుంచి తిని తిని బయటికొచ్చింది. అంటే ఈ ఏడు బాగుచేయగలిగిన కారు నాలుగేళ్ళకి సామాన్లకి మాత్రమే పనికొస్తుంది, ఇంకో నాలుగేళ్ళకి సామాన్లకి కూడా పనికిరాదు. నిర్ణయం వాయిదా వెయ్యడం అంటే కారుని ఉంచుకోవడం అనుకోవద్దు.

మరి ఎలా తేల్చుకోవాలి? జనం పైన చూస్తారు. బానెట్ మెరుస్తోందా, సీట్లు బాగున్నాయా, ఇంజన్ తిరుగుతుందా అని. ఇవేవీ అసలు సంగతి కాదు. ఇంజన్ జామైపోయినా నాకు పెద్ద బెంగ లేదు. ఈ పాత అంబాసిడర్లకి ఫ్యాక్టరీలో పెట్టింది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్, ఇంగ్లండు మోరిస్ కంపెనీ వాళ్ళ కాలం నాటి డిజైను, మొండిది. ప్లగ్గులు విప్పి ఆ కంతల్లోంచి కొంచెం డీజిల్, కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి పోసి కొన్ని రోజులు నాననిచ్చి, తర్వాత హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. చాలామంది కొత్త బ్యాటరీ తెచ్చి నేరుగా సెల్ఫ్ కొట్టేస్తారు, అప్పుడు రింగులు విరుగుతాయి, బోర్, అంటే సిలిండర్ లోపలి గోడ, గీసుకుపోతుంది, బాగుపడాల్సిన ఇంజన్ని చేజేతులా చంపినట్టు. ట్యాంకులో పాత పెట్రోల్ జిగురైపోయి ఉంటుంది, అది కార్బరేటర్ దాకా రానివ్వకండి. బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, రబ్బరు సామాను మొత్తం పోతుంది, వైరింగ్ ఎలకలు తినేసి ఉంటాయి, ఇవన్నీ డబ్బులు పెడితే దొరికేవే.

చూడాల్సింది కింద. అంబాసిడర్ని జనం లారీలాగా ఛాసిస్ (కింద ఉండే ఇనుప చట్రం) మీద బాడీ పెట్టిన బండి అనుకుంటారు, కాదు, దాని బాడీయే దాని బలం, ఫ్లోరు, డోర్ల కింద పక్కన పొడుగ్గా ఉండే డబ్బా లాంటి రేకు, అవే కారుని మోస్తాయి. వాటిని తుప్పు తినేస్తే పైన ఎంత పెయింటు కొట్టినా లాభం లేదు. మ్యాట్లు పీకేయండి, కింద ఉండే ఆ నల్లటి ప్యాడ్లు కూడా పీకేయండి, నీళ్ళు పట్టి ఉంచేది అవే. స్క్రూడ్రైవర్ పట్టుకుని ఫ్లోరంతా పొడుస్తూ రండి, ఠంగ్ మంటే సరే, దిగబడిపోతే గుర్తు పెట్టుకోండి. వెనక కమానుపట్టాలు బాడీకి తగులుకునే చోట్లు చూడండి. ముందు సస్పెన్షన్ టార్షన్ బార్లు, అంటే స్ప్రింగుల బదులు మెలితిరిగే ఇనుప కడ్డీలు, ఫ్లోరు కింద అడ్డంగా ఉండే దూలం లాంటి మెంబర్‌కి పట్టి ఉంటాయి, ఆ చోటు తుప్పు పట్టిందా లేదా అన్నది నా వరకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, ఎందుకంటే అది ఊడితే రోడ్డు మీద ఊడుతుంది. ఇంకో పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. పక్కన జాకీ పెట్టి మెల్లగా లేపి డోరు తీసి వేసి చూడండి. నేల మీద బాగా పడిన డోరు జాకీ మీద పట్టేస్తోందంటే బాడీ వంగుతోందన్నమాట, ఇంక బాగుచేయించే ఆశ చాలావరకు వదిలేసుకోవచ్చు. అయస్కాంతం కూడా ఒకటి జేబులో వేసుకెళ్ళండి, అది అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది.

పైపైన తుప్పు, అక్కడక్కడా చిల్లులు, కానీ మోసే చోట్లు గట్టిగా ఉన్నాయంటే బాగుచేయించుకోండి. కానీ సరిగ్గా చేయించండి. కుళ్ళిన రేకుని మంచి రేకు దొరికేదాకా కోసి తీసేసి కొత్తది వెల్డింగ్ పెట్టాలి, పాత రేకు మీద ప్యాచ్ వేసి పైన పుట్టీ రాసి పెయింటు కొట్టేవాడు మీ డబ్బు తింటున్నాడు, రెండో వానాకాలానికి అదంతా బయటికొస్తుంది. మన దగ్గర టింకరింగ్ (రేకు పని) చేసే చెయ్యి ఇంకా ఉంది, సాలూరు వైపు లారీ బాడీలు కట్టే వాళ్ళలో పెద్దవాళ్ళని అడిగితే వంపు తిరిగిన రేకు చేత్తో కొట్టి తీసేవాళ్ళు దొరుకుతారు, కాకపోతే తొందరపెడితే ఆ పని రాదు. ఖర్చు లక్షల్లో ఉంటుంది, అది ముందే ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి, సగంలో ఆపేసి విప్పిన కారుని బస్తాల్లో వేసి పెట్టుకున్న ఇళ్ళు నేను చూశాను, అంతకన్నా దరిద్రం లేదు.

ఇంక కాగితాలు. ఇదీ ఎవరూ చూడరు. 2021లో కేంద్రం వింటేజ్ బళ్ళకి వేరే రూల్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉండి, పెద్ద మార్పులు చెయ్యని కారైతే వింటేజ్ కింద రిజిస్టర్ చేసుకోవచ్చు, కొత్తగా అయితే ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత మళ్ళీ చేయించడానికి 5 వేలు. పాత నంబరు ఉన్నవాళ్ళు అదే ఉంచుకోవచ్చు. కాకపోతే రోజూ తిప్పుకోడానికి కాదు, కిరాయికి అసలే కాదు, ప్రదర్శనకి, ర్యాలీకి, రిపేరుకి, పెట్రోలుకి అంతే. మామూలుగా తిప్పాలంటే మామూలు రెన్యువల్ చేయించాలి, దానికి 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్ల ఫీజు 5 వేల నుంచి 10 వేలు చేశారు, పైన గ్రీన్ టాక్స్, ఫిట్‌గా ఉందని చూపించడం, ఇన్సూరెన్స్ అన్నీ ఉంటాయి.

ఇక్కడే మన వాళ్ళకి దెబ్బ. మన వైపు పెట్రోల్ అంబాసిడర్ అంటే సగం బళ్ళకి మధ్యలో ఎప్పుడో డీజిల్ ఇంజన్ ఎక్కించేసి ఉంటారు, టాక్సీ తిప్పుకోడానికి అప్పట్లో అదే తెలివైన పని, తప్పు పట్టలేం. కానీ వింటేజ్ అడిగేటప్పుడు అసలు రూపం అంటారు కదా, ఆ ఇంజన్ అడ్డమొస్తుంది. మావయ్య కారు సంగతీ అదే. ఫ్లోరు చూస్తే ముందు ఎడమవైపు టార్షన్ బార్ పట్టే చోట నా స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది, డోర్ల కింద రెండు వైపులా రేకు చేత్తో పీకితే ఊడొచ్చింది, ఇంజన్ డీజిల్ది. ఇంక ఆర్సీ మావయ్య పేరు మీదే ఉంది. ఓనర్ పోతే 30 రోజుల్లోపు ఆర్టీవోకి తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరు మీదకి మార్చుకోవాలని రూలు, అది ఎవరికీ గుర్తుండదు, పెద్దకర్మ గొడవలో కారు ఎవరికి గుర్తొస్తుంది. దాంతో నేను సామాన్లకి ఇచ్చేయమన్నాను. పెద్దబావ రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సామాన్లకి ఇవ్వడం అంటే కాటాకి వెయ్యడం కాదు, దయచేసి ఈ తేడా అందరూ గమనించండి. అంబాసిడర్ బరువు టన్ను పైచిలుకు, కిలో ముప్ఫై రూపాయలనుకున్నా ముప్ఫై వేలు దాటుతుంది, కాటావాడు ఇచ్చేది దాని చుట్టుపక్కలే. వాడికి గ్రిల్లూ ఒకటే, గేటు ముక్కా ఒకటే. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో అంబాసిడర్లు తయారుచేసే ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయింది, మార్క్ టూ తయారీ అయితే 1975లోనే అయిపోయింది, అంటే ఆ గళ్ళ గ్రిల్లు, క్రోమ్ బంపర్లు, హెడ్‌లైట్ రింగులు, డ్యాష్‌బోర్డు మీటర్లు, హబ్ క్యాపులు, సొట్ట లేని డోరు, పగలని అద్దం, ఇవి ఇంక కొత్తవి పుట్టవు. గట్టి ఫ్లోరు ఉన్న కారు ఎక్కడో ఒకటి వీటి కోసం ఆగిపోయి ఉంటుంది. కలకత్తా మల్లిక్ బజార్లో, మద్రాసు పుదుపేటలో పాత సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి గానీ అక్కడికి వెళ్ళొచ్చిన వాడికి తెలుసు, అక్కడ ధర వేరు, మన ఊళ్ళో కాటాకి వేసే ధర వేరు. రేడియేటర్‌లో ఇత్తడి, రాగి ఉంటాయి, డైనమోలో రాగి ఉంటుంది, కనీసం వాటినైనా ఇనుము రేటుకి తూకం వెయ్యనివ్వకండి. నన్నడిగితే ముక్కలుగా విప్పకుండా, ఇంకో అంబాసిడర్ బాగుచేస్తున్నవాడికి మొత్తంగా ఇచ్చేయడం మేలు, వాడికేం కావాలో వాడికి తెలుస్తుంది, మనం విప్పితే బోల్టులు విరగ్గొడతాం. ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు ఒకాయన మార్క్ టూ బాగుచేసుకుంటున్నాడని తెలిసి చిన్నబావ మాట్లాడాడు, ఆయన ఫోటోలు చూసి డోర్లు, డిక్కీ, గ్రిల్లు అన్నీ కావాలన్నాడు, ఫ్లోరు ఎలాగూ వద్దు.

కానీ ముందు ఆర్సీ. ఇదే అసలు నేను మీ పేపర్ ద్వారా చెప్పాలనుకున్నది. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లోపు ఆర్టీవోకి చెప్పి ఆర్సీ అప్పజెప్పి రద్దు చేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్లో ఉంది. ఎవరూ చెయ్యరు. కారుని విప్పి ఇచ్చేస్తారు, ఛాసిస్ నంబరు ఉన్న ముక్క కూడా పోతుంది, కాగితం మీద మాత్రం కారు మావయ్య పేరుతో బతికే ఉంటుంది. రేపు ఆ నంబరు, ఆ ఆర్సీ ఇంకెవడో వేరే బండికి తగిలించుకుని తిరిగితే పోలీసులు వచ్చేది సోంపేటకే. సర్కారు గుర్తించిన స్క్రాపింగ్ సెంటర్‌కి ఇస్తే వాళ్ళు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో కొత్త బండి కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు, రోడ్ టాక్స్‌లో 25 శాతం వరకు తగ్గింపు అని కేంద్రం రూల్లో ఉంది, కొత్త బండి కొనే ఆలోచన ఉన్నవాళ్ళు ఇదీ లెక్కేసుకోండి. కాకపోతే అక్కడ గ్రిల్లుకి వేరే రేటు కట్టరు.

రవాణా శాఖ వారికి ఒకటే మనవి. జిల్లా ఆఫీసు బయట లైసెన్సు ఫీజుల బోర్డు ఉన్నట్టే, పాత బండి ఉన్నవాడు ఏం చెయ్యాలో తెలుగులో ఒక బోర్డు పెట్టండి. ఓనర్ చనిపోయాక పేరు ఎలా మార్చుకోవాలి, పనికిరాని బండి ఆర్సీ రద్దుకి ఏమేం తేవాలి, 50 ఏళ్ళు దాటిన కారుని వింటేజ్ చేయించడానికి ఎవరిని కలవాలి, ఈ మూడూ రాస్తే చాలు. ఇప్పుడు ఇవన్నీ ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర ఏజెంట్లు చెప్తున్నారు, ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పడు, తీసుకునేది మాత్రం ఇద్దరూ తీసుకుంటారు. వీలైతే పలాస, టెక్కలి లాంటి చోట్ల ఒక రోజు పెట్టి ఈ పాత ఆర్సీలన్నీ తీసుకుంటే, ఎన్ని ఇళ్ళలో ఎన్ని పెట్టెల్లో చచ్చిపోయిన బళ్ళ కాగితాలు ఉన్నాయో మీకే తెలుస్తుంది.

మావయ్య కారు ఆర్సీ వారసుల పేరు మీదకి మార్చే పనిలో ఉన్నాం, అది అయ్యాక రద్దు, ఆ తర్వాతే బరంపురం ఆయన లారీ పంపిస్తాడు. అందాకా టార్పాలిన్ మార్చమని చిన్నబావకి చెప్పాను, ఇంకా మార్చలేదు.

ఇట్లు,
ఒక పాత మెకానిక్,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా