బుజ్జికి అమ్మ రాసేది

కందుకూరు

బుజ్జీ,

ఇక్కడ ఎండలు ముదిరాయి. మీ నాన్న బీపీ మాత్రలు తెచ్చుకున్నారు, చిన్నోడికి పరీక్షలైపోయాయి. ఫోన్ చేస్తే ఎత్తుతావు, వీడియో అంటే మాత్రం నెట్ లేదంటావు. హైదరాబాద్‌లో నెట్ లేదంటే నేనెట్లా నమ్మేది?

కావలి పిన్ని గృహప్రవేశంలో నిన్ను చూసిందంట. "అక్కా, అది విగ్గంట కదా" అని గొంతు తగ్గించి అడిగింది. అయితే ఏం, కీమోకి జుట్టు ఊడితే పెట్టుకోదా అన్నాను. ఇంక మాట్లాడలేదు.

మీ జేజికి టైఫాయిడ్ వచ్చి జుట్టు సగానికి సగం రాలిపోయింది. దువ్వెనకొచ్చిన వెంట్రుకలన్నీ గోడసందులో దోపి, పోగయ్యాక సవరం కట్టించుకుంది. మూడు పాయలు, కొసన నల్లదారం ముడి. కుంకుడురసంతో ఉతికి దండెం మీద ఆరేసేది. ఒక శనివారం కోడిపుంజు దాన్ని ముక్కున కరుచుకుని దొడ్డంతా తిరిగింది. మాలకొండ గుడి తెరిచేది శనివారమే, తప్పితే మళ్ళీ వారం ఆగాలి. జేజి పుంజు వెంటపడి లాక్కుని, మళ్ళీ ఉతికి, తడిగానే జడలో కలిపి అల్లుకుని, పూలు చుట్టుకుని కొండకు పోయింది. ఊళ్ళో అందరికీ తెలుసు అది సవరమని.

ఇంతకీ నీది అసలు జుట్టా, సింథటిక్కా? సింథటిక్ అయితే పొయ్యి దగ్గర తీసెయ్, వేడికి ముడుచుకుపోతుంది. కొబ్బరినూనె రాయకు. లోపల కాటన్ టోపీ వేసుకో, ఇప్పుడు నీ తల చర్మం సున్నితం. పడుకునేటప్పుడు తీసి స్టాండుకు పెట్టు. ఎన్నిసార్లు చెప్పాలో నీకు!

నీ కాన్పు గండం గడిచిందని తిరుమల కల్యాణకట్టలో నా జడంతా ఇచ్చాను. అక్కడి జుట్టు పొడవును బట్టి విడదీసి టీటీడీ వాళ్ళు వేలం వేస్తారు, ఎక్కువగా విగ్గులకే పోతుంది. నాది ఎవరి తలకు పనికొచ్చిందో. నీది అసలు జుట్టయితే, ఇప్పుడు ఇంకో తల్లి ఇచ్చింది నీకొచ్చి ఉండొచ్చు. అందులో నా దగ్గర దాచాల్సిందేముంది?

నూగు మొదలైందా? మొదట ఉంగరాలుగా రావచ్చంట, ఆ తర్వాత నెలకు అరంగుళం. కంగారుపడి రంగులవీ వేయకు, డాక్టరమ్మను అడుగు.

రాత్రి భోజనాలయ్యాక వీడియో చేస్తాను. విగ్గు పెట్టుకుంటావో, తువ్వాలు చుట్టుకుంటావో, అట్లాగే కూర్చుంటావో నీ ఇష్టం, ఎత్తు. అల్లుడుగారికి చెప్పి వెడల్పు పళ్ళ దువ్వెన తెప్పించుకో, సన్నపళ్ళది వాడితే విగ్గు కుచ్చులు కుచ్చులుగా ఊడొస్తుంది.

అమ్మ