నడుం, మెడ కుదుటపడేదాకా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. నొప్పి తగ్గింది కదా, ఇక జిమ్‌లో బరువులెత్తేస్తానంటావా? కాస్త ఆగు. నొప్పి తగ్గడం వేరు, నడుం బలపడటం వేరు. అలాగని మంచం పట్టుకుని ఉండకు, అది మరీ చేటు.

ముందు నడక. కాలవగట్టు మీద పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది. అంచున నడవకు, ఒళ్ళు ఓ పక్కకి ఒరుగుతుంది. వానలకి గట్టు జిగటమట్టైతే రోడ్డే నయం. ఫోను జేబులోనే ఉండాలి.

లేవగానే మాత్రం వంగొద్దు. రాత్రంతా పడుకునేసరికి వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలు, అవే డిస్కులు, నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. మొదటి గంటలో వంగి కాళ్ళు అందుకోబోతే వాటి మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది.

కెనడా ప్రొఫెసరు స్టూవర్ట్ మెక్‌గిల్ నడుముకి మూడు వ్యాయామాలు చెప్పాడు. అందులో తల లేపేది నీ మెడకి ఇప్పుడే వద్దు. ఆ మూడిట్లో బర్డ్‌డాగ్ అనేదానితో మొదలెట్టు. గచ్చు మీద బొంత మడతేసుకుని చేతులూ మోకాళ్ళూ ఆన్చు. చేతులు భుజాల కిందకి, మోకాళ్ళు తుంటి కిందకి రావాలి. కుడిచెయ్యి ముందుకి, ఎడమకాలు వెనక్కి చాపి పది సెకన్లు ఆగు, దించు. అటు ఆరు, ఇటు ఆరు. కాస్త ఆగి నాలుగేసి, ఆఖరికి రెండేసి. అందరూ కాలు తుంటికంటే పైకెత్తేస్తారు, దాంతో నడుం లోపలికి కుంగిపోయి నొప్పి తిరగబెడుతుంది. నడుం మీద ఖాళీ ప్లాస్టిక్ గ్లాసు పెట్టుకు చూడు. దొర్లిందా, తుంటి తిరిగినట్టే. ఊపిరి బిగపట్టకు.

మెడకి: గోడకి వీపానించి కూర్చుని, చూపు ఎదురుగా ఉంచి, గడ్డాన్ని తిన్నగా వెనక్కి జరుపు. కిందకి దించడం కాదు. అయిదు సెకన్లు చొప్పున పదిసార్లు. అదలవాటయ్యాక నుదుటికి అరచెయ్యి ఆనించి మెల్లగా నెట్టు, తల కదలకూడదు. తల గుండ్రంగా తిప్పే వ్యాయామాలు మానెయ్. కటింగయ్యాక షాపులో మెడ పటుక్కుమనిపించుకోవడం కూడా ఇక బంద్. అరుదే అనుకో, కానీ ఆ విసురుకి మెదడుకెళ్ళే రక్తనాళం చీలి పక్షవాతం రావచ్చు. ఎవరేమనుకున్నా సరే, వద్దని చెప్పు.

ఎంత చెయ్యాలో మర్నాటి పొద్దున్న తేలుస్తుంది. చేసేటప్పుడు పదికి మూడు పాళ్ళ నొప్పి ఫర్వాలేదు, మర్నాటికి సర్దుకోవాలి. పెరిగిందా, సగానికి తగ్గించు. కాల్లోకి పాకిన నొప్పి పైకి, నడుం దగ్గరికి చేరుతుంటే మంచిదే. పిక్కలోకి దిగుతుంటే ఆపెయ్. కాల్లోనో చేతిలోనో పట్టు తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా, పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకు, ఆ పూటే ఆసుపత్రికెళ్ళు.

ఇంట్లో నిండు గ్యాస్ బండ ముప్ఫై కిలోలుంటుంది, నువ్వు ముట్టుకోకు. తణుకు నుంచి అమలాపురం వచ్చేటప్పుడు బండి మీద రాకు. బస్సులో వెనక చక్రాల మీద సీటు తీసుకోకు, కుదుపంతా అక్కడే. రావులపాలెంలో దిగి నాలుగడుగులేసి వేరే బస్సెక్కు. ఏ బస్సో చెప్పు, స్టాండుకొస్తాను. సంచీ నేను మోస్తాలే.

ఇట్లు,
నీ బావ