నిద్రలో బోర్లాపడే పసివాళ్లు

సంపాదకులకు నమస్కారం.

నాలుగైదు నెలలు నిండిన బిడ్డ నిద్రలో బోర్లాపడటం మొదలుపెట్టగానే తల్లికి కంటిమీద కునుకుండదు. రాత్రంతా మేలుకొని, బిడ్డ తిరిగినప్పుడల్లా వెల్లకిలా తిప్పుతూ అలసిపోయిన మా అమ్మాయిని చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

తొలి ఏడాదంతా బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలన్నది తిరుగులేని నియమం. పసివాళ్లను బోర్లా పడుకోబెట్టవద్దని 1992లో అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచించాక, అక్కడ నిద్రలో సంభవించే ఆకస్మిక శిశుమరణాలు తరువాతి సంవత్సరాలలో సగానికి పైగా తగ్గాయి. అయితే అటునుంచి ఇటు, ఇటునుంచి అటు తనంతట తాను తిరగగలిగిన బిడ్డ నిద్రలో బోర్లాపడితే మళ్లీ తిప్పనవసరం లేదని కూడా వైద్యులు చెబుతారు. ఈ రెండో మాట చాలా ఇళ్లకు చేరడం లేదు, అదే నా బాధ.

మనం శ్రద్ధ పెట్టవలసింది పక్క మీద. మెత్తటి పరుపో, దిండో, బొంతో ముఖానికి అడ్డుపడితే బిడ్డ తాను వదిలిన గాలినే తిరిగి పీల్చవలసి వస్తుంది కనుక పక్క గట్టిగా, చదునుగా, ఖాళీగా ఉండాలి. బోర్లాపడే ప్రయత్నం కనిపించిన రోజు నుంచే బిడ్డను చేతులతో సహా గుడ్డలో బిగించి చుట్టడం మానాలి, ఎందుకంటే ముఖం పైకెత్తి పక్కకు తిప్పుకోవడానికి ఆ చేతులే ఆధారం.

టీకాలకు వచ్చిన ప్రతి తల్లికీ వైద్య సిబ్బంది ఈ సంగతులు విడమరిచి చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు