బరంపురం పటంలో జనం పిలిచే పేర్లు వేయండి

సంపాదకులకు,

మీ పర్యాటక పేజీలో బరంపురం ప్రస్తావన వచ్చినప్పుడల్లా పట్టుచీరలు, అప్పడాలు, గోపాల్‌పూర్ సముద్రం తప్పవు. రైలు దిగి ఒంటరిగా కాలినడకన ఊరు చూద్దామనుకునేవారికి పనికొచ్చే ముక్క మాత్రం కనబడదు.

ఇచ్ఛాపురం దాటాక బోర్డులు చాలావరకు ఒడియాలోనే. మాట సాయం దొరుకుతుంది, పాత వీధుల్లో తెలుగువాళ్లకు కొదవలేదు. చదవడమే చిక్కు. సాహి అంటే వీధి, ఛక అంటే కూడలి, పోఖరి అంటే చెరువు. బాట మాత్రం ఇక్కడా బాటే. ఒడియా నాలుగు అంకె అచ్చం మన 8లా ఉంటుంది. ఇంటి నంబరు పట్టుకుని వెతికేవాళ్లు అక్కడే బోల్తా పడతారు.

దారి అడగడంలోనూ ఒక పద్ధతి ఉంది. ‘స్టేషన్‌కి ఇదేనా దారి?’ అంటే ఎవరైనా మర్యాదకు తలూపేస్తారు. ‘స్టేషన్ కుఆడే?’ అనాలి. అంటే ఎటు అని. అప్పుడు చెయ్యి చాపి చూపిస్తారు. సిధా అంటే తిన్నగా, డాహాణ అంటే కుడి. రెండొందల అడుగులు వేశాక ఇంకొకరిని అడగండి. ఆటో స్టాండులో కంటే కిరాణా కొట్టులో అడగడం మేలు, ఆయనకు మిమ్మల్ని ఎక్కించుకునే పని లేదు కదా. ఎండాకాలం మధ్యాహ్నం చాలా షట్టర్లు దించేస్తారు, అడగడానికి మనిషే దొరకడు. నడక పొద్దున్నే పెట్టుకోవాలి. డిసెంబరులో సాయంత్రం ఐదుంబావుకే పొద్దు గుంకుతుంది, హైదరాబాదు కంటే దాదాపు అరగంట ముందే. అక్కడి లెక్కతో తిరిగితే సందుల్లో చీకటి పడిపోతుంది.

ఫోన్ పటం ముందే దించుకోండి. అయినా ఇరుకు సందులో రెండు పక్కలా మేడలుంటే నీలం చుక్క పక్క వీధిలోకి గెంతుతుంది. ఇనప షట్టర్ల దగ్గర ఫోన్‌లోని దిక్సూచి తప్పుతుంది కాబట్టి, నిలబడి బాణం గుర్తును నమ్మకూడదు. ముప్పై అడుగులు నడిచి చుక్క ఎటు జరిగిందో చూడాలి. అదీ కుదరకపోతే రైలు పట్టాలే దిక్కు. బయల్దేరాక పట్టాలు దాటామా లేదా అన్నది ఒక్కటి గుర్తుంటే తిరిగి రావచ్చు. కాలువల మీది పలకలు కదులుతుంటాయి, వాన పడితే వాటి మీద కాలు పెట్టకండి.

రెండేళ్లకోసారి చైత్రంలో వచ్చే బుడి ఠాకురాణి జాతర రోజుల్లో ఇవేవీ పనిచేయవు. దేశి బెహెరా వీధి చుట్టూ రాత్రిపూట జనం ఎటు తోస్తే అటే దారి.

మీరు ఈసారి అర పేజీ పటం వేయండి. కార్పొరేషన్ రికార్డులోని పేరు, దాని పక్కనే జనం పిలిచే పేరు, రెండూ తెలుగు లిపిలో ఉండాలి. ఏ ఛక దగ్గర ఎన్ని దారులు చీలతాయో కూడా గుర్తు పెట్టించండి.

– కొందరు తెలుగు పాఠకులు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా