ఐదు డబ్బాలు, చీమ తలకాయంత అక్షరాలు

సంపాదకుడు గారికి,

వయసు మీదపడకుండా ఏ మాత్రలు కలిపి వేసుకోవాలో పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. విటమిన్ డి, క్యాల్షియం, చేప నూనె, పసుపు మాత్ర, ఇంకేదో యాంటీ ఆక్సిడెంట్... ఐదూ వేసుకుంటే ముసలితనం ఆమడ దూరం పోతుందట! ఏది దేనితో పడదో ఒక్క లైను లేదు.

మా ఆవిడది పదేళ్ల థైరాయిడ్. కాలనీ పార్కులో వాకింగ్‌కొచ్చే ఒకామె "వదినా, ఎముకలకు మంచిది" అంటూ క్యాల్షియం డబ్బా అంటగట్టింది. పొద్దున్నే అయితే మరిచిపోనని ఈవిడ థైరాయిడ్ మాత్ర, క్యాల్షియం మాత్ర రెండూ ఒకే గుక్కలో మింగేది. మూడు నెలలకు ఒకటే నీరసం, రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలకపోతే పెరిగే అంకె) పెరిగింది. డాక్టరు మోతాదు పెంచబోతూ "ఇంకేమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడగబట్టి బయటపడింది. క్యాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు, నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రదీ అదే కథ.

గుండె కోసం నేను ఆస్పిరిన్ వేసుకుంటాను. నాకు చేప నూనె, గింకో అనే ఆకు మాత్ర కలిపి ఇవ్వబోయింది ఆ పార్కు మహాతల్లి! రక్తం పలుచబడే మందుకు ఇవి తోడైతే రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల డి మాత్ర రోజూ మింగేవాళ్లూ ఉన్నారు. అదేమో ఒంట్లో పేరుకునేది. రక్తంలో క్యాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది.

డబ్బా తిప్పి చూస్తే 'ఔషధంగా వాడటానికి కాదు' అని ఉంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. మా మనవడు ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేస్తే గానీ కనపడలేదు. నిబంధనల ప్రకారం ఇవి మందులు కావు, ఆహారం. ఫిర్యాదు చేద్దామని పోతే మందుల ఆఫీసులో "అది ఫుడ్డు సార్, మా కిందికి రాదు" అన్నారు. ఫుడ్డు ఆఫీసులో కుర్చీ ఉంది, మనిషి లేడు. మూడుసార్లు తిరిగాను, ఆటో చార్జీలు దండగ. పార్కులో బెంచీలు విరిగి ఏడాదైంది, పట్టించుకునే నాథుడు లేడు. ఈ డబ్బాలు అమ్మే టేబుల్‌కు మాత్రం గేటు దగ్గరే చోటు!

సకినాల్లో వేసే నువ్వుల్లో క్యాల్షియం లేదా? ఉంది. నువ్వులకు ఏజెంటు లేడు, అంతే.

ఆ వ్యాసానికి సగం పేజీ ఇచ్చారు. ఈ నాలుగు గంటల ఎడం మాటైనా అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి.

– ఒక రిటైర్డ్ టీచర్, హనుమకొండ