ఈగల్స్ డిఫెన్స్: 2023కీ 2024కీ తేడా ఎక్కడ?

ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ఫుట్‌బాల్ లీగ్) కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం. ఫిలడెల్ఫియా ఈగల్స్ 2023లో ప్రత్యర్థులకి 428 పాయింట్లు ఇచ్చింది, 2024లో 303. డబ్బు కుమ్మరిస్తే వచ్చిన మార్పు కాదిది: మూడేళ్లకు 5.1 కోట్ల డాలర్లతో తెచ్చిన డిఫెన్స్ ఆటగాడు బ్రైస్ హఫ్ కలిసిరాలేదు. ఒక్క ఏడాది ఒప్పందంపై 35 లక్షల డాలర్లకు వచ్చిన జాక్ బాన్‌ని లైన్ అంచు నుంచి లోపలి లైన్‌బ్యాకర్‌గా (ముందు వరస వెనక మధ్యలో ఆడేవాడు) మారిస్తే ఆల్‌ప్రో (ఆ ఏడాది లీగ్‌లో అత్యుత్తముల జాబితా) అయ్యాడు!

డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోటు) 22వ పిక్ క్విన్యాన్ మిచెల్ బయటి కార్నర్‌కి (మైదానం అంచున పాస్ అందుకునే రిసీవర్లని కాసే చోటు), 40వ పిక్ కూపర్ డిజీన్ స్లాట్‌కి (లోపలివైపు రిసీవర్లని కాసే చోటు). అసలు కీలకం 2024లో కొత్తగా వచ్చిన డిఫెన్స్ కోఆర్డినేటర్ (డిఫెన్స్ నడిపే కోచ్) విక్ ఫాంజియో. ఇద్దరు సేఫ్టీలు (చిట్టచివరి కాపలాదారులు) వెనక లోతుగా, బ్లిట్జ్ (అదనపు ఆటగాళ్లని దాడికి పంపడం) అరుదు. అంటే ముందున్న నలుగురే క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరేవాడు) ఇబ్బంది పెట్టాలి; పెట్టలేకపోతే రిసీవర్లకి తీరిక దొరికి కవరేజ్ చెదిరిపోతుంది. ఆ సీజన్ ఫైనల్ సూపర్‌బౌల్‌లో ఒక్క బ్లిట్జ్ లేకుండానే 6 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం).